పాలిటెక్నిక్ చదువూ, పరిశ్రమ స్థాపనా

వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో 1959వ సంవత్సరంలో పాలిటెక్నిక్ నెలకొన్నది. సాంకేతిక విద్య హైదరాబాదు, కాకినాడ వంటి నగరాల సొత్తుగా ఉండిన ఆ రోజులలో, మెట్టపంటల మహబూబునగరం జిల్లాలో, ఒక చిన్న పట్టణంలో ఇటువంటి విద్యాలయం వెలయడం సామాన్య విషయం కాదు. కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్ అన్న పేరుతో అది ఈనాటికీ ప్రసిద్ధమై ఉన్నది. 2022లో అదే పట్టణానికి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ కళాశాల కూడా వచ్చింది. ఈ మధ్యకాలంలో, 2016 అక్టోబరు 11న, పాత మహబూబునగరం జిల్లా నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డవి. ఊరికి చదువు వచ్చింది. జిల్లా కచేరీ వచ్చింది. ఆ చదువు నుంచి ఆ ఊరికి పరిశ్రమ ఎంత వచ్చింది అన్న ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉన్నది.

పాలిటెక్నిక్ నుంచి వెలువడిన డిప్లొమాదారులు విద్యుత్ శాఖలోను, నీటిపారుదల శాఖలోను, నగరాల కర్మాగారాలలోను చేరి పనిచేశారు. అది చిన్న సేవ కాదు. అయితే ఈ మూడు పట్టణాల బజారులలో నడిచి చూచేవారికి కంటబడే సాంకేతిక సంస్థలు వేరు. మోటారు వైండింగ్ దుకాణాలు, వెల్డింగ్ షెడ్లు, ట్రాక్టరు మరమ్మతు శాలలు, బోరు మోటార్లు దించే తీసే బండ్లు - ఇవే ఇక్కడి ఇంజనీరింగ్ పరిశ్రమలు. వీటిని నడిపేవారిలో ఎక్కువమంది ఏదో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చి, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని దుకాణం తెరచినవారే గాని, కళాశాల మెట్లెక్కినవారు కారు. చదివినవాడు ఊరు విడిచిపోతున్నాడు. ఊరిలో ఉండి యంత్రాన్ని నడిపేవాడికి చదువు అందలేదు. సాంకేతిక విద్యను పరిశ్రమ స్థాపనతో ముడివేయాలని ఈనాడు అందరూ చెప్పే మాటను ఈ చీలిక దగ్గర నిలబెట్టి పరీక్షించడం అవసరం.

ఊరు విడిచిపోవడం పాలమూరుకు కొత్త కాదు. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా మన్ను మోయడానికి పాలమూరు కూలీలు వెళ్ళేవారని ప్రసిద్ధి. తమ పొలాలకు నీరు లేక, పరుల పొలాలకు నీరిచ్చే కట్టలు వారు కట్టారు. తట్టా పారా పట్టుకొని వెళ్ళిన తాత స్థానంలో ఈనాడు డిప్లొమా పట్టుకొని మనుమడు బస్సెక్కుతున్నాడు. కూలి పెరిగింది, గౌరవం పెరిగింది. ఆ ప్రయాణపు దిక్కు మాత్రం మారలేదు. వెళ్ళడం తప్పు అని ఎవరూ అనరాదు. ఉండాలనుకున్నవాడికి ఉండే దారి ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఉన్నదని ప్రణాళికలు చెబుతున్నవి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2016లో విద్యార్థుల అంకుర పరిశ్రమల కోసం ఒక విధానాన్ని ప్రకటించింది. 2019లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు, అధ్యాపకులకు వర్తించే జాతీయ నవకల్పన విధానాన్ని వెలువరించింది. తెలంగాణలో 2015లో టీ-హబ్ వెలసింది; 2017లో రాష్ట్ర ఇన్నొవేషన్ సెల్ ఏర్పడింది; 2019 నుంచి ‘ఇంటింటా ఇన్నొవేటర్’ అన్న పేరుతో గ్రామీణుల యంత్రాలను, ఉపాయాలను స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రాలలో ప్రదర్శిస్తూ వచ్చారు. ఇక డిప్లొమా పాఠ్యప్రణాళికలో ‘పారిశ్రామిక నిర్వహణ, పరిశ్రమ స్థాపన’ అన్న అర్థం వచ్చే పేపరు ఈ విధానాలన్నిటికంటె ముందునుంచే ఉన్నది.

లోపమంతా ఆ పేపరులో లేదు గాని, లోపం ఎటువంటిదో దానిని చూస్తే బాగా తెలుస్తుంది. అందులో నిర్వహణ సూత్రాలు ఉంటవి, పనుల క్రమాన్ని గీసే వలచిత్రాలు ఉంటవి, నాణ్యతా ప్రమాణాలు ఉంటవి, చివర పరిశ్రమ పెట్టదలచినవాడు రాయవలసిన సాధ్యతా నివేదిక ఉంటుంది. లాభం, నష్టం లేని స్థానాన్ని కనుగొనే లెక్క కూడా ఉంటుంది. ఈ ఒక్క లెక్కను పైన చెప్పిన మోటారు వైండింగ్ దుకాణానికి పట్టించి చూద్దాం. ఇవి ఊహాలెక్కలే సుమా. దుకాణం అద్దె, కరెంటు, సహాయకుని జీతం కలిపి నెలకు 20,000 రూపాయలు. ఒక మోటారు చుట్టినందుకు 4,000 రూపాయలు. అందులో రాగితీగకు, ఇతర సామగ్రికి 2,400. మోటారుకు మిగిలేది 1,600. ఇరవై వేలను పదహారు వందలతో భాగిస్తే పన్నెండున్నర. నెలకు 13 మోటార్లు వస్తే నష్టం లేదని విద్యార్థి రాస్తాడు, మార్కులు పడతవి.

ఆ పదమూడుగురు రైతులు మార్చి, ఏప్రిల్ నెలలలో వస్తారు. ఎండలు ముదిరి, బోర్లలో నీరు దిగి, మోటార్లు కాలేది అప్పుడే. ‘పంట అమ్మినాక ఇస్తా’నని చెప్పి మోటారు తీసుకొనిపోతారు. కాదంటే చేను ఎండుతుంది; కాదన్నవాడి దుకాణానికి మళ్ళీ ఆ ఊరివారు రారు. రాగితీగ అమ్మే షావుకారు మాత్రం రొక్కం అడుగుతాడు. రెండు నెలల బాకీ నిలిస్తే సామగ్రికి 62,400, అద్దె జీతాలకు 40,000, వెరసి 1,02,400 రూపాయలు చేతినుంచి పెట్టగలవాడే ఆ దుకాణాన్ని నడపగలడు. పుస్తకపు లెక్కలో సరుకు చేయి మారిన క్షణానే డబ్బు కూడా చేయి మారుతుంది. పాలమూరు లెక్కలో ఆ రెంటి మధ్య ఒక పంటకాలం పడుతుంది. ఏ మేస్త్రీకైనా తెలిసిన ఈ సంగతి పేపరులో లేదు. పరీక్షలో వంద మార్కులు తెచ్చుకున్నవాడు మూడవ నెలలోనే దుకాణం మూసుకొనే ప్రమాదం ఇక్కడ పొంచి ఉన్నది.

చదువుకు ఆ దుకాణంలో చోటు లేదని దీని అర్థం కాదు. చోటు చాలా ఉన్నది. వ్యవసాయపు మోటారు ఎందుకు కాలుతుంది? మూడు ఫేజుల మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని అనుసరించి ఉంటుంది. వోల్టేజి నూటికి 15 పాళ్ళు తగ్గితే, ఆ బలం ఇంచుమించు నూటికి 28 పాళ్ళు తగ్గిపోతుంది. పైకి తోడవలసిన నీటి బరువు మాత్రం తగ్గదు. అప్పుడు మోటారు వేగం మందగించి, ఎక్కువ కరెంటు లాగుకొంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, కరెంటు నూటికి 20 పాళ్ళు పెరిగితే వేడి 44 పాళ్ళు పెరుగుతుంది. తీగపై ఉన్న నిరోధక పూత ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగానికి సగం పడిపోతుందని ఇంజనీర్లు మోటుగా లెక్కవేస్తారు. మూడు ఫేజులలో ఒకటి తెగిపోతే ఈ చావు ఇంకా త్వరగా వస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలైన సందర్భంలో, రైతులు అమర్చుకున్న ఆటో స్టార్టర్లను తీసివేయమని అధికారులు చెప్పవలసి వచ్చింది. కరెంటు వచ్చిన మరుక్షణం అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. మనిషి లేనివేళ మోటారు తిరుగుతూ ఉంటే బోరు వట్టిపోతుంది.

వైండింగ్ మేస్త్రీ కాలిన చుట్టను కోసి, చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి చూచి, అంతే రాగిని మళ్ళీ చుట్టి ఇస్తాడు. అతని చేతివాటం మెచ్చుకోదగినది. కాని పాత తీగను ఊడదీయడానికి ఇనుప గుండెను మంటలో అతిగా కాల్చితే, ఆ ఇనుప రేకుల మధ్య నిరోధక పొర చెడి, మోటారు తర్వాత ఎప్పటికీ వ్యర్థంగా వేడెక్కుతూనే ఉంటుంది. ఆ మోటారు మళ్ళీ కాలుతుంది, మళ్ళీ దుకాణానికి వస్తుంది. గుండె చెడిందో లేదో తెలుసుకొనే పరీక్ష, చుట్టిన తర్వాత నిరోధాన్ని కొలిచే మెగ్గరు - ఇవన్నీ పాలిటెక్నిక్ ప్రయోగశాలలో నేర్పే విద్యలే. ఒకే పట్టణంలో ఒకచోట పరికరమున్నది, మరొకచోట రోగి ఉన్నాడు. ఈ రెంటినీ కలపడం పరిశ్రమ స్థాపనలో మొదటి పాఠం కావలసి ఉండగా, విద్యార్థి చేత ఊహాకర్మాగారానికి సాధ్యతా నివేదిక రాయిస్తున్నారు.

విద్యార్థికి కావలసినది ఉత్సాహం, సాహసం. అవి నూరిపోస్తే తక్కినవి వాటంతట అవే వస్తవి అనే వాదం ఒకటి ఉన్నది. ఈ వాదానికి మూలమైన ప్రయోగాలలో ఒకటి తెలుగునేల మీదనే జరిగింది. 1960లో ఢిల్లీలో ఏర్పడి, 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారంతో, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లిలాండ్ 1964లో కాకినాడ వర్తకులను, పారిశ్రామికులను తీసుకొని, సాధించాలన్న తపనను శిక్షణ ద్వారా పెంచవచ్చునా అని పరీక్షించాడు. శిక్షణ లేని రాజమండ్రి వారిని పోలికకు తీసుకున్నాడు. శిక్షణ పొందినవారు తర్వాతి సంవత్సరాలలో ఎక్కువ చొరవ చూపారని, డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ప్రకటించిన గ్రంథంలో చెప్పాడు. దేశంలో తర్వాత వచ్చిన పారిశ్రామిక శిక్షణ శిబిరాలపై ఈ ప్రయోగపు ముద్ర గాఢంగా పడింది.

ఆ ప్రయోగాన్ని తక్కువ చేయనవసరం లేదు. కాని అందులో పాల్గొన్నవారెవరో మరచిపోరాదు. వారు అప్పటికే దుకాణాలూ, మిల్లులూ, బేరసారాలూ ఉన్నవారు. కాకినాడ ఓడరేవు పట్టణం. వెనుక గోదావరి డెల్టా ధాన్యమున్నది. అక్కడ పెట్టుబడి ఉన్నది, సరుకున్నది, కొనేవారున్నారు. లేనిది చొరవ అయితే దానిని పెంచడం వల్ల ఫలితం కనిపించింది. వనపర్తిలో పంతొమ్మిదేళ్ళ విద్యార్థికి చొరవ ఒక్కటే ఉండి, తక్కిన మూడూ లేవు. ఉన్నదానినే మరికాస్త ఇచ్చి, లేనివాటిని గురించి మాట్లాడకపోవడం వైద్యం కాదు. పైగా శిబిరం నుంచి తిరిగివచ్చి ఓడిపోయినవాడు తప్పు తనదేనని, తన తపన చాలలేదని అనుకొనే స్థితి ఏర్పడుతుంది. ఇది క్రూరమైన పాఠం.

సాహసం అంటే ఏమిటో చూడాలంటే గద్వాల మగ్గం వైపు నుంచి రావడం మేలు. గద్వాల చీర ఒంటినిండా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు జాతుల దారాలను ఒకే బట్టలో కలపడంలోనే ఆ నేత గొప్పతనమంతా ఉన్నది. కుప్పడం పద్ధతిలో నడిమి భాగానికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు నడుస్తవి. ప్రతి పేక దగ్గర అంచు దారమూ ఒంటి దారమూ ఒకదానినొకటి మెలివేసుకొని వెనుదిరగాలి. కొంగు దగ్గర నూలు పడుగుకు పట్టు పడుగును పోగుపోగుగా అతకాలి. గద్వాల రాణి ఆదిలక్ష్మీ దేవమ్మ నేతగాళ్ళను కాశీకి పంపి అక్కడి పని నేర్పించిందని ఊరివారు చెప్పుకుంటారు. అదే నిజమైతే, ఈ ప్రాంతంలో సాంకేతిక శిక్షణకు పాలిటెక్నిక్ కంటె పాత చరిత్రే ఉన్నదన్నమాట.

ఈ మగ్గం దగ్గరకు ఇంజనీరింగ్ విద్యార్థి వస్తే, అతనికి మొదట తట్టే ఆలోచన మరమగ్గం. అది తప్పుదారి. 1985 చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది. అంచుల చీరలు అందులో చేరినవి. చట్టం మాట అలా ఉంచినా, చేతినేత అన్న కారణం చేతనే గద్వాల చీరకు ధర ఉన్నది. నేతను యంత్రానికి అప్పగించినవాడు చీరనూ, నేతగానినీ ఒకేసారి పోగొడతాడు. యంత్రం చేయవలసినది నేతకు ముందున్న వెట్టిని తగ్గించడం: కండెలు చుట్టడం, పడుగు పోయడం, అతుకు పెట్టడం, ఒళ్ళువిరిగే మగ్గపు గుంతలో కూర్చొనే తీరును సవరించడం. ఏ శ్రమలో కళ ఉన్నది, ఏ శ్రమలో నొప్పి మాత్రమే ఉన్నది అని వేరుచేయగలగడమే ఇక్కడ ఇంజనీరు పని. ఇది ఏ పేపరులోనూ దొరకదు. నెలరోజులు మగ్గం పక్కన కూర్చుంటే దొరుకుతుంది.

అలా కూర్చున్నవాడు చింతకింది మల్లేశం. అప్పటి నల్లగొండ జిల్లాలోని శారాజీపేటలో నేత కుటుంబంలో పుట్టి, ఆరవ తరగతితో చదువు ఆపినవాడు. పోచంపల్లి తీరు చీరకు ఆసు పోయడానికి అతని తల్లి లక్ష్మి ఒక్కొక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక 1992 ప్రాంతంలో యంత్రం కోసం మొదలుపెట్టి, అప్పులపాలై, హైదరాబాదులో కూలికి కుదిరి, చివరకు బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో ఒక యంత్రపు కదలికను చూచి, ఆగిపోయిన చిక్కుముడి విప్పుకొని, 1999లో ఆసుయంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను విద్యార్థులకు స్ఫూర్తి కోసం తరచు చెబుతారు. స్ఫూర్తి మంచిదే. కాని ఇందులో సాంకేతిక విద్యాలయాలపై ఉన్న అభియోగాన్ని ఎవరూ చదవడం లేదు. ఆ ఏడేళ్ళలో అతనికి కావలసిన విద్య - కదలికను మార్చే పళ్ళచక్రాలు, క్యాములు - డిప్లొమా విద్యార్థికి తెలిసినదే. లేతు ఉన్న వర్క్‌షాపు ఒకటి సాయంత్రం వేళ తలుపు తెరచి, ఒక అధ్యాపకుడు అతని బొమ్మను సరిదిద్ది ఉంటే ఆ ఏడేళ్ళు ఎంతకు తగ్గేవో ఊహించుకోవచ్చు. సమస్య తెలిసినవాడికి యంత్రశాల లేదు. యంత్రశాల ఉన్నవాడికి సమస్య తెలియదు. స్వాతంత్ర్య దినోత్సవ ప్రదర్శనలలో గ్రామీణుల యంత్రాలను బల్లమీద పెట్టి చూపడం ఆ లోటును కొంత తీర్చింది. ఎవరి వద్ద ఏ ఉపాయమున్నదో లోకానికి తెలిసింది. మర్నాడు ఆ యంత్రం ఇంటికి పోతుంది. మొదటి యంత్రాన్ని ఉపాయశాలి చేస్తాడు. రెండవది, పదవది, నూరవది, ఒకే కొలతకు, విడిభాగాలు దొరికేటట్లు చేయడం డ్రాయింగు, గేజి, కొలమానం తెలిసినవాడి పని. డిప్లొమా చదువుకు పుట్టినిల్లు అదే. ఏ బహుమతి ప్రదానోత్సవమూ ఆ రెండవ యంత్రం గురించి అడగదు.

కొనేవాడి సంగతి ఒకటి మిగిలి ఉన్నది. మల్లేశానికి దారి దొరికిన బాలానగర్ ఎలా పెరిగిందో గుర్తు చేసుకోవాలి. 1960లలో హైదరాబాదు చుట్టూ పెద్ద ప్రభుత్వ కర్మాగారాలు వచ్చినవి. వాటికి మరలు, బోల్టులు, ఫిక్చర్లు, డైలు కావలసి వచ్చినవి. వాటిలో పనిచేసి చేయి తిరిగినవారు రెండు లేతులతో రేకుల షెడ్డు వేసుకొని అవి చేసిపెట్టారు. పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్రసంస్థ కూడా 1968లో అక్కడే వెలసింది. ఉపన్యాసం విని షెడ్డు వేసినవారు అరుదు. చేతిలో ఆర్డరు ఉండి వేసినవారే ఎక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులకు అటువంటి పెద్ద కర్మాగారం లేదు. అయినా కొనేవారు లేరనడం సరికాదు. వ్యవసాయ మార్కెట్లున్నవి, చేనేత సహకార సంఘాలున్నవి, కృష్ణ నీటిని ఎత్తిపోసే పథకాలున్నవి. కల్వకుర్తి పథకంలో ఎల్లూరు పంపుగృహం 2020 అక్టోబరులో నీట మునిగినప్పుడు, ఇంత పెద్ద యంత్రాల మధ్య బతుకుతున్న ప్రాంతంలో వాటి సంరక్షణ విద్య ఎంత అవసరమో అందరికీ తెలిసివచ్చింది. ఇవన్నీ ప్రజాధనంతో నడిచే సంస్థలు. వాటి చిన్న కొనుగోళ్ళలో కొంతభాగం స్థానిక పాలిటెక్నిక్ పరీక్షించి ముద్రవేసిన చిన్న షెడ్లకు దక్కేటట్లు నియమం చేస్తే, అది ఎన్ని శిబిరాలకైనా సమానం.

వ్యాపారం పెంచడం విద్యాలయం పనికాదు, పాఠం చెప్పడమే దాని పని అని ఆక్షేపించేవారున్నారు. ఈ ఆక్షేపణను తోసివేయరాదు. అధ్యాపకుడు ఆర్డర్ల వెంట తిరిగితే తరగతి చెడుతుంది. అయినా రెండు పనులనూ కలిపి నడిపిన చిన్న పట్టణం ఒకటి లోకంలో ఉన్నది. స్పెయిన్ దేశపు బాస్కు కొండలలో మొండ్రగోన్ అనే ఊళ్ళో, అంతర్యుద్ధంలో చితికిన రోజులలో, అరిజ్మెందియరియెత అనే యువ మతాచార్యుడు 1943లో ఒక చిన్న సాంకేతిక పాఠశాల తెరిచాడు. అందులో చదివిన ఐదుగురు ఊరి ఫ్యాక్టరీలో పనిచేస్తూనే పై చదువు చదివి, పదమూడేళ్ళ తర్వాత, 1956లో, కిరసనాయిలు పొయ్యిలు చేసే సహకార కర్మాగారం పెట్టారు. 1959లో, అంటే వనపర్తి పాలిటెక్నిక్ పుట్టిన ఏడే, వారు ఒక సహకార బ్యాంకు స్థాపించారు. ఆ బ్యాంకు అప్పు ఇవ్వడంతో ఆగలేదు. కొత్త పరిశ్రమ పెట్టేవారి లెక్కలను దగ్గర కూర్చొని సరిచూచే విభాగం ఒకటి ఏర్పరచుకున్నది. 1966లో విద్యార్థులే సభ్యులుగా ఉండి, సగం రోజు చదువూ సగం రోజు ఉత్పత్తీ సాగించే సంస్థ ఒకటి వచ్చింది.

అక్కడా అంతా సుఖాంతం కాదు. ఆ మొదటి కర్మాగారం నుంచి పెరిగి పెద్దదైన గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసింది. అయితే సోదర సంస్థలు అందులోని పనివారిలో చాలామందికి చోటిచ్చినవి. వనపర్తి వారు స్పెయిన్‌ను అనుకరించనవసరం లేదు. ఆచారాలు వేరు, చరిత్ర వేరు. కాని రెండు విషయాలు కళ్ళకు కట్టుతున్నవి. పాఠశాల నుంచి పరిశ్రమకు పదమూడేళ్ళు పట్టింది. మధ్యలో ఆ ఐదుగురూ మరొకరి కర్మాగారంలో పనిచేశారు. మనవారు చివరి సెమిస్టరులోనే అంకురం మొలవాలంటున్నారు. ఇక రెండవది, పాఠశాల వెనుక ఓపిక గల బ్యాంకు నిలిచింది. ఇక్కడి డిప్లొమాదారు నగరంలో పది సంవత్సరాలు పనిచేసి, చేయి తిరిగి, కాస్త కూడబెట్టి, ముప్పై ఏళ్ళ వయస్సులో ఊరికి వద్దామనుకున్నప్పుడు అతనిని పలకరించే పథకం ఏదీ విద్యాలయం వద్ద లేదు. అతని పేరు పూర్వవిద్యార్థుల పట్టికలో ఉంటుంది, అంతే. నిజానికి పరిశ్రమ పెట్టగలవాడు అతడే.

విద్యార్థి దశలో చేయదగిన పని కూడా ఉన్నది. ఇక్కడి పంటలే దానిని చూపుతున్నవి. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో యాసంగి వేరుశనగ ముఖ్యమైన పంట. ఇక్కడివారు పల్లికాయ అనేదానికి లోకపు బజారులో ఒక శత్రువు ఉన్నది. ఆస్పర్జిల్లస్ అనే బూజు గింజపై పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయానికి హాని చేసి, పుట్టకురుపుకు దారితీయగలది. నేరుగా తినే పల్లీలలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి ఆ విషం ఉండరాదని ఐరోపా దేశాల నియమం. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఈ విషాన్ని చౌకగా కనిపెట్టే పరీక్షలను రూపొందించింది. పంట చివర వాన తప్పితే బూజు చేలోనే పట్టవచ్చు. దానికి ఇంజనీరు చేయగలది తక్కువ. కాని పీకిన తర్వాత కాయలో తేమను నూటికి ఎనిమిది పాళ్ళ దరిదాపుకు త్వరగా దించగలిగితే నిలవలో బూజు పెరగదు. తేమను కొలిచే చౌక పరికరం, మంచుపడే రాత్రి కప్పి పగలు గాలి ఆడించే ఆరబెట్టు తట్ట, గింజ పగలకుండా కాయ ఒలిచే యంత్రానికి సరైన జల్లెడ - ఇవి కోట్ల పెట్టుబడి అడగని పనులు. గింజ పగిలితే బూజుకు తలుపు తెరిచినట్లే. అందుచేత ఆ జల్లెడ కన్నాల కొలత చిన్న విషయం కాదు.

గద్వాల చుట్టుపట్ల పత్తి విత్తనం పండించే చేలలో మరొక పని ఉన్నది. 1970లో సూరత్‌లో సంకర పత్తి వెలువడిన నాటినుంచి, సంకర విత్తనమంటే సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసివేసి, మర్నాడు ఉదయం మరో మొక్క పుప్పొడిని చేత్తో అద్దడమే. లేత వేళ్ళు కావాలని ఈ పనికి పిల్లలను పెట్టడం ఎంతోకాలంగా విమర్శకు గురి అయినది. పెద్దవారి వేళ్ళకు అమరే చిన్న పనిముట్టు చేయగలిగితే, బడి మానిన పిల్లకు అది తరగతి గది కాగలదు.

ఇవన్నీ విద్యార్థి ప్రాజెక్టులకు తగిన పనులే. అడ్డువచ్చేది తెలివి కాదు, పంచాంగం. పత్తి సంకరం వానాకాలం సగంలో మొదలవుతుంది. పల్లికాయ పీకడం జనవరి, ఫిబ్రవరి నెలలలో. మోటార్లు కాలేది మార్చి, ఏప్రిల్‌లో. ప్రాజెక్టుకు పేర్లు నమోదు చేసే వేళకు ఒక పంట అయిపోతుంది. యంత్రం సిద్ధమయ్యే వేళకు కళ్ళం ఖాళీ అవుతుంది. మోటారు కాలే రోజులలో వర్క్‌షాపు పరీక్షల కోసం మూసి ఉంటుంది. అందుచేత యంత్రాన్ని చేలో ఆడించి చూడకుండానే నివేదిక బైండు అవుతున్నది. పేపరు మార్చడం కంటె ముందు వనపర్తిలో చేయదగిన పని ఒకటున్నది: మూడవ సంవత్సరపు ప్రాజెక్టును రెండవ సంవత్సరపు వానాకాలంలోనే మొదలుపెట్టించి, రెండు పంటల మీదుగా నడిపించి, పల్లికాయ రోజులలో పదిహేను దినాలు తరగతిని కళ్ళానికి పంపడం, మార్కులలో సగం నివేదికకు గాక, రెండవ పంటలో కూడా ఆ యంత్రం తిరిగిందా అని రైతునడిగి వేయడం.